వెనుకటి తేదీ నుంచి మాతృభాష

కొవ్వూరి సత్యవేణి మాతృభాషలో లోపం ఉందన్న సంగతి ముప్ఫై తొమ్మిదేళ్ల పాటు ఎవరి కంటా పడలేదు. కన్నతల్లి మంగాయమ్మ గమనించలేదు. చదువు చెప్పిన మేష్టర్లు గమనించలేదు. చివరికి దాన్ని కనిపెట్టింది విదేశీ ఆంగ్ల బోధనా ప్రోత్సాహక మండలి. ప్రభుత్వం వారి మండలి కాబట్టి కనిపెట్టి ఊరుకోలేదు, సరిచేయడానికి కూడా నడుం కట్టింది.

ఇంగ్లీషు రాని దేశాలకు ఇంగ్లీషు చెప్పేవాళ్లను పంపడం ఆ మండలి పని. పెదకాలవలో సత్యవేణి పదిహేడేళ్లు పాఠాలు చెప్పిన చిన్న ప్రైవేటు బడి మూతపడింది. టౌనులోని పెద్ద బడి పచ్చబస్సు ఊళ్లోకి రావడం మొదలెట్టాక, ఇక్కడ బెంచీలు తప్ప పిల్లలు మిగల్లేదు. ఏడాదిపాటు ఇంట్లో కూర్చుని, తన నోరు తనకే బరువై, సత్యవేణి మండలి జాబితాలో పేరు నమోదు చేయించుకుంది. మే నెలలో పిలుపొచ్చింది. మంగోలియాలో ఎక్కడో మారుమూల ఊరి బడికి టీచరు కావాలట, వీడియోలో ఒక పాఠం చెప్పి చూపించాలట.

ఆమె చేతికందిన వంకాయ ఒకటి తీసుకుని కెమెరా ముందు కూర్చుంది. అవతల పాతికమంది పిల్లలు. వాళ్లెవరూ పుట్టి బుద్ధెరిగి వంకాయను చూసినవాళ్లు కాదు. ఒకరు గుడ్డన్నారు, ఒకరు దీపమన్నారు, ఒకరు నిద్రపోతున్న పిట్టన్నారు. ఎవరేమన్నా సత్యవేణి కాదనకుండా దాన్నో వాక్యం చేసి తిరిగి వాళ్ల చేతిలో పెట్టింది. అరగంటయ్యేసరికి పాతికమందీ ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. ఆఖర్న ఆమె తన సంగతి చెప్పింది. తనది తెలుగు మీడియమనీ, ఈడొచ్చాక ఏడ్చుకుంటూ నేర్చుకుందనీ, చిన్నప్పుడు ఇంగ్లీషు పీరియడు వస్తే కడుపునొప్పని ఇంటికి పారిపోయేదనీ చెప్పింది. వెనక బెంచీలో అప్పటిదాకా తలెత్తని ఓ పిల్ల పకపకా నవ్వింది. తనకూ ఆ కడుపునొప్పి ఉందని, నాలుగు మాటల్లో, ఇంగ్లీషులోనే ఒప్పుకుంది.

మర్నాడు ఆ బడి ప్రిన్సిపాలు ఓయున్ అనే ఆవిడ మండలికి ఉత్తరం రాసింది. సెప్టెంబరు ఒకటిన బడి తెరుస్తామనీ, ఆ టీచరునే పంపమనీ రాసింది. సత్యవేణి ఆ వెనకబెంచీ పిల్ల సంగతి తల్లికి మూడుసార్లు చెప్పింది. బడి మూశాక తను ఇంకా పనికొస్తానని ఆమెకు అనిపించింది ఆ రోజే.

జూన్ మొదటివారంలో మండలి సంయుక్త సంచాలకులు నిట్టల వైకుంఠరావు గారు ఆమెను జిల్లా కేంద్రానికి పిలిపించారు. ఆయన కాగితం మీద రాసే భాషా, నోటితో మాట్లాడే భాషా ఒకటే. ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గినా తగుచర్య నిమిత్తం తెలియజేస్తారని ప్రతీతి.

"తమరి ఎంపిక విషయము మా దృష్టికి వచ్చినది. సంతోషించడమైనది," అన్నారాయన. "అయితే మండలి తీర్మానము నలభై ఒకటి ప్రకారము, ఇకమీదట ఇంగ్లీషు మాతృభాషగా గల ఉపాధ్యాయులను మాత్రమే విదేశములకు పంపవలసియున్నది."

ఆ తీర్మానానికి కారణం ఉంది. మండలి అధ్యక్షులవారు అధ్యయనం నిమిత్తం నాలుగు దేశాలు తిరిగి, ఒక దేశంలో ఓ బడి గోడ మీద అలాంటి ప్రకటన చూసి ముచ్చటపడ్డారు. దాన్ని ఫోటో తీసుకొచ్చారు. తీర్మానానికి ఆ ఫోటోయే ఆధారం.

"మన జిల్లాలో అలాంటోళ్లు ఎవరుంటారండీ?" అంది సత్యవేణి.

"ప్రస్తుతము ఎవరునూ లేరు. కావున అందరికినీ సమాన అవకాశము."

"ఎవరూ లేకపోతే ఎవరిని పంపుతారండీ?"

"అందులకే మార్పిడి సౌలభ్యము కల్పించడమైనది," అని ఆయన ఫారం పదకొండు తీసి ఆమె ముందుంచారు. ప్రస్తుత మాతృభాష ఒక గడి, కోరుకునే మాతృభాష ఒక గడి, మార్పునకు కారణం ఒక గడి. నమూనాగా నింపిన ప్రతిలో కారణం దగ్గర 'వ్యక్తిగతం' అని ఉంది.

సత్యవేణి నింపి ఇచ్చింది. ఆయన చదివి తల అడ్డంగా ఊపారు.

"మాతృభాష అనగా మాత యొక్క భాష. మూలమును సరిచేయక శాఖను సరిచేయుట మండలికి సమ్మతము కాదు. ముందుగా తమరి మాతృమూర్తి ఇంగ్లీషునకు మారవలెను."

"మా అమ్మకి అరవై ఏడేళ్లండి."

"వయోపరిమితి విధించలేదు."

"ఆవిడ ఇప్పుడు నేర్చుకుంటే అది నాకు మాతృభాష ఎలా అవుతుందండీ? నేను ఎప్పుడో పుట్టేశాను కదా."

వైకుంఠరావు గారు మొదటిసారిగా చిరునవ్వు నవ్వారు. తెలివైన ప్రశ్నలకు సమాధానం ముందే సిద్ధం చేసుకున్న మనిషి నవ్వది.

"వెనుకటి తేదీ నుండి అమలు చేయబడును. ప్రమోషనుల విషయములో చేయుచునే యున్నాము. భాష విషయములో చేయుటకు అభ్యంతరమేమి? తమరి పుట్టిన తేదీ సెలవిండు."

సత్యవేణి సెలవిచ్చింది. ఆయన రాసుకున్నారు.

మంగాయమ్మ పూతరేకులు చేస్తుంది. కుండ బోర్లించి, కింద కొబ్బరాకు మంట పెట్టి, పిండినీళ్లలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్క విసురు విసిరి రేకు తీస్తుంది. పొగకి మూతికి అడ్డంగా గుడ్డ కట్టుకుంటుంది. కూతురు సంగతంతా చెప్పాక, మంట కాస్త తగ్గించి, "నేను నేర్చుకుంటే నిన్ను పంపుతారా?" అని ఒక్కటే అడిగింది. పంపుతారంది సత్యవేణి. "అయితే మొదలెట్టు" అంది మంగాయమ్మ.

రేకుకో వాక్యం చొప్పున చదువు సాగింది. దిస్ ఈజ్ ఎ కౌ అన్న దగ్గర మాత్రం మంగాయమ్మ అడ్డం తిరిగింది.

"ఆవు దగ్గర నిలబడి ఇది ఆవు అని చెప్పడం దేనికే? అవతలోడికి కళ్లు లేవా?"

"ముందు అవే చెబుతారమ్మా."

"అందుకే నీకు కడుపునొప్పి వచ్చేది."

మూడు వారాల్లో ఇరవై మూడు వాక్యాలు వచ్చాయి. సత్యవేణి పదిహేడేళ్ల సర్వీసులో ఇంత కష్టపడి చదివిన స్టూడెంటు లేదు. రేకులు కొన్ని మాడాయి గానీ వాక్యాలు నిలిచాయి. నిద్ర లేస్తూనే మంగాయమ్మ ఇట్ ఈజ్ రెయినింగ్ అనేది, వాన ఉన్నా లేకపోయినా.

జులై మొదటి తారీఖున క్షేత్రస్థాయి విచారణకు గ్రామ రెవెన్యూ అధికారి ముదునూరి సూరపరాజు గారు దిగారు. కులం, ఆదాయం, నివాసం, ఏ ధ్రువపత్రానికైనా ఇంటికొచ్చి చూసి, ఇరుగుపొరుగుని అడిగి రాసేది ఆయనే. భాష కూడా అలాగే రాయాలని పైనుంచి ఉత్తర్వు. మూడు రోజులు అరుగు మీద కుర్చీ వేసుకుని, ఆ ఇంట్లో ఏ భాష నడుస్తోందో రిజిస్టర్లో ఎక్కించాలి.

"మీకు ఇంగ్లీషు వచ్చాండి?" అని అడిగింది సత్యవేణి.

"రాదండి. అందుకే నన్నేశారు. వచ్చినోడైతే పక్షపాతం చూపిస్తాడని."

"మరి ఎలా తేలుస్తారండీ?"

"నాకు తెలుగొచ్చు కదండి. నాకు అర్థమైతే తెలుగు. కాకపోతే ఇంగ్లీషు. ఇందులో పెద్ద చిక్కేముందండి?"

నిజంగానే అందులో చిక్కేమీ లేదు. చిక్కంతా సత్యవేణితో వచ్చింది. మొదటిరోజు పొద్దున ఆమె ఆయన్ని ఇంగ్లీషులో ఆహ్వానించింది. రాజుగారూ, లోపలికి రండి, ఇక్కడ కూర్చోండి, ఈ మజ్జిగ తాగండి అని, అలవాటు ప్రకారం నెమ్మదిగా, మాట మాటకీ చెయ్యి చూపిస్తూ, మొహం నిండా నవ్వుతో చెప్పింది. ఆయన లోపలికి వచ్చారు, అక్కడే కూర్చున్నారు, మజ్జిగ తాగారు. గ్లాసు కింద పెట్టాక ఆయనకు సంగతి తట్టింది.

"అమ్మాయిగారూ, ఇప్పుడు మీరు చెప్పిందంతా నాకు అర్థమైపోయిందండి. ఇది మీ కేసుకి మంచిది కాదు."

సత్యవేణి గబగబా మాట్లాడి చూసింది. గొణిగి చూసింది. ఎలా మాట్లాడినా రెండో వాక్యానికల్లా పదిహేడేళ్ల అలవాటు తన్నుకొచ్చేది. అవతలి మనిషి మొహం చూసేది, అర్థం కాలేదనిపిస్తే ఆగి మరోలా చెప్పేది. రెండోరోజు సాయంత్రానికి సూరపరాజు గారు మజ్జిగ అందుకుంటూ తనకు తెలియకుండానే థాంక్యూ వెరీమచ్ అనేశారు. అని, బెదిరిపోయి, విచారణాధికారి ప్రభావితుడైనట్లు రిజిస్టర్లో ఎర్రసిరాతో తన మీద తనే రాసుకున్నారు.

మంగాయమ్మ దారి వేరు. ఆవిడ మూడు రోజులూ కుండ ముందే కూర్చుంది. ఈ మనిషికి పనీపాటా లేదా, ఇది ఎన్నో గ్లాసు మజ్జిగ, ఈయన కుర్చీకి పట్టిన జిడ్డు ఎవరు తుడుస్తారు అని, మూతికి కట్టుకున్న గుడ్డ వెనకాల, తెలుగులోనే, తెరిపి లేకుండా సణుగుతూనే ఉంది. రాజుగారు చెవి ఒగ్గి విన్నారు. ఒక్క ముక్క అంతుపట్టలేదు. ఆయన మొహం వికసించింది.

పొరుగింటి నూకరత్నాన్ని పిలిచి, వాళ్లింట్లో మాటలు ఎలా ఉంటాయని అడిగారు.

"వాళ్ల మాటలు నాకెందుకండీ బాబూ," అంది నూకరత్నం.

పొరుగువారికి మాటలు అందుట లేదు అని రాసుకున్నారు.

నివేదిక వారం తిరక్కుండా మండలికి చేరింది. "తల్లి సంభాషణ విచారణాధికారికి ఏమాత్రమూ అర్థము కాలేదు. ఆమె ఇంగ్లీషు అత్యున్నత స్థాయికి చెందినదిగా భావించుచున్నాను. కుమార్తె మాటలు విచారణాధికారికి, పాలు పోయువానికి, దారిన పోవు ఇద్దరికి కూడా స్పష్టముగా అర్థమైనవి. కావున ఇంగ్లీషని ధ్రువీకరించుటకు సాహసించజాలను."

మంగాయమ్మకు ఆ రోజే పత్రం వచ్చింది. పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడే మనిషిగా రాష్ట్రంలో ఆవిడే మొదటిది.

"అర్థం కావడం తప్పెలా అవుతుందండీ?" జులై ఎనిమిదిన తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి సత్యవేణి వైకుంఠరావు గారిని అడిగింది. "అర్థమవ్వాలనే కదా పాఠం చెప్పేది."

"బోధనలో అది లోపము కాకపోవచ్చును. మాతృభాష విషయములో మాత్రము అనుమానాస్పదము," అన్నారాయన. "అయినను మండలికి మానవీయ దృక్పథము కలదు. ధ్రువపత్రము పొందిన మాతృమూర్తి ప్రమాణపత్రము దాఖలు చేసినచో, అనుమానము తొలగించి మంజూరు చేసెదము."

ప్రమాణపత్రం టైపు చేసి సిద్ధంగానే ఉంది. గుమాస్తా చదివి వినిపించాడు. తన కుమార్తె పుట్టినది మొదలు ఈనాటి వరకు ఆమెతో ఇంగ్లీషు తప్ప ఇతర భాష ఏదియు మాట్లాడియుండలేదు. నేటి నుండి కుమార్తె విదేశీ ఉద్యోగము ముగియు రెండు సంవత్సరముల వరకు, ఎదురుగా గాని ఫోనులో గాని, మాట్లాడబోను. తప్పినచో పత్రము రద్దు చేసి కుమార్తె పేరు జాబితా నుండి తొలగించుటకు అంగీకరించుచున్నాను.

మంగాయమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా వింది.

"దీనికి మూడో ఏట టైఫాయిడ్ వచ్చిందండి," అంది. "పదకొండు రోజులు ఒళ్లోంచి దించలేదు. అప్పుడు దీంతో ఏ భాషలో మాట్లాడినట్టు రాశారండి?"

వైకుంఠరావు గారు ఫైలు చూశారు. "ఇంగ్లీషు."

"పాడేను కూడానండి. కళ్లు మూసేస్తుందేమోనని పాడుతూనే ఉన్నాను. ఆ భాషలో పాటలు నాకు రావు కదా. ఏం పాడినట్టండి?"

"పాటల విషయమై గడి లేదు."

ఆవిడ కూతురి వంక చూసింది. వద్దమ్మా, పోదాం పద అని సత్యవేణి అనవలసింది ఆ క్షణంలోనే. ఆమెకు తెలుసు. అనలేదు. గోడ మీది క్యాలెండరు వంక చూస్తూ నిలబడింది, సెప్టెంబరు ఒకటి ఏ వారమో లెక్కపెట్టుకుంటూ. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆ సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది. మంగాయమ్మ కలం తీసుకుని, తెలుగు అక్షరాల్లో, గుండ్రంగా సంతకం పెట్టింది. సంతకం తెలుగులో ఉండొచ్చట, నిబంధనల్లో దాని ప్రస్తావన లేదు.

సత్యవేణి అనుకుంది, ఇదంతా కాగితం వరకేనని. ఇంటికొచ్చి, "అమ్మా, అలసిపోయావు, నేను వంట చేస్తాలే" అంది. మంగాయమ్మ చెయ్యి అడ్డంగా ఊపి, "సిట్ డౌన్ ప్లీజ్" అంది. వేళాకోళం కాదు. ఆవిడ చేత్తో సంతకం పెట్టిన మనిషి. తన నోటి వల్ల కూతురి ఉద్యోగం ఊడిందనే మాట రాకూడదని పంతం పట్టింది.

అయితే పెదకాలవలో మాట్లాడకుండా మాట్లాడే పద్ధతి ఒకటి ఎప్పట్నించో ఉంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న అత్తాకోడళ్లు దాంతోనే సంసారాలు ఈడ్చుకొస్తుంటారు. మంగాయమ్మ పిల్లిని పట్టుకుంది.

"ఏవే పిల్లీ, అన్నం చల్లారిపోతోంది. తినేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పు."

"పిల్లీ, నాకు ఆకల్లేదని చెప్పవే," అనేది సత్యవేణి.

"పొద్దున్న కూడా తినలేదని నేనన్నానని చెప్పు."

పది రోజులు పిల్లి మీదుగా ఇల్లు సజావుగానే నడిచింది. పదకొండో రోజు సూరపరాజు గారు ఆకస్మిక తనిఖీకి వచ్చి, గుమ్మంలో నిలబడి విని, నోరు తెరిచారు. ఆయనకు రాయకుండా ఉండాలనే ఉంది. కానీ చూసింది రాయకపోతే నిద్ర పట్టని మనిషి. నాలుగో రోజుకి మండలి నుంచి మెమో వచ్చింది. "సదరు పిల్లి భాషా మధ్యవర్తిగా వ్యవహరించుచున్నట్లు తెలియవచ్చినది. పిల్లికి తెలుగు వచ్చునా, వచ్చినచో ఎవరు నేర్పిరి, అను విషయము విచారించి నివేదించవలెను. ఈలోగా పిల్లి సమక్షమున కుటుంబ విషయములు ప్రస్తావించరాదు."

ఆ మెమో వచ్చాక ఆ ఇంట్లో ఇరవై మూడు వాక్యాలే మిగిలాయి.

శ్రావణమాసం ముసురులో సత్యవేణికి జ్వరం తగిలింది. మంగాయమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. ఎప్పట్నించి, చలేస్తోందా, ఒళ్లు నొప్పులా, నాకెందుకు చెప్పలేదు, ఇవన్నీ ఆవిడ మొహంలో ఉన్నాయి. నోట్లోకి రావాల్సినవేమో రాలేదు. కాసేపు వెతుక్కుని, "వాటీజ్ దిస్?" అంది.

"ఫీవర్," అంది సత్యవేణి.

ఆ మాట మంగాయమ్మకు తెలియదు. నేర్పలేదు. తల్లి అలాగే చెయ్యి తియ్యకుండా కూర్చుంది. నాలుగు మాటలు వస్తే చాలు, ఎంతైనా చెప్పుకోవచ్చని సత్యవేణి పదిహేడేళ్లు పిల్లలకు ధైర్యం చెప్పింది. అది అబద్ధమని ఆ మధ్యాహ్నం తెలిసింది. దుప్పటి తలదాకా లాక్కుని ఏడ్చింది.

ఆగస్టు ఎనిమిదిన సత్యవేణి ధ్రువపత్రం కూడా మంజూరైంది. మూడు సింహాల ముద్ర, వెనుకటి తేదీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. మండలి దాన్ని మంగోలియాకు పంపి, గర్వంగా జవాబు కోసం ఎదురుచూసింది. పద్నాలుగున జవాబొచ్చింది. పంతొమ్మిదిన తల్లీకూతుళ్లు విచారణకు హాజరు కావాలని తాఖీదు వచ్చింది.

వైకుంఠరావు గారి గదిలో సూరపరాజు గారు రిజిస్టరుతో ఓ మూల నిలబడి ఉన్నారు. గుమాస్తా ఓయున్ ఉత్తరాన్ని తెలుగు చేసి చదివాడు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లు ఇద్దరు ఇదివరకు తమ బడిలో పనిచేశారట. చాలా మంచివాళ్లట. పిల్లలు ఎక్కడ బోర్లాపడుతున్నారో మాత్రం వాళ్లకు కనపడేది కాదట, వాళ్లెప్పుడూ అక్కడ పడలేదు గనక. తమకు కావలసింది మే నెలలో పాఠం చెప్పిన టీచరు. ఆవిడ ఇంగ్లీషును పరాయి భాషగా నేర్చుకున్నానని పిల్లలకు స్వయంగా చెప్పింది. మీరు పంపిన పత్రం వేరెవరిదో అయి ఉంటుంది, దయచేసి సరిచూడండి అని ముగించింది.

"విదేశీయులు తమకేమి కావలెనో తామే తెలుసుకొనజాలరు," అన్నారు వైకుంఠరావు గారు. "అందులకే మండలి ఉన్నది."

సత్యవేణికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకేమండీ. ఈ పత్రం తీసేసుకుని నా భాష నాకిచ్చేయండి. వెళ్లిపోతాను."

"మాతృభాషను జీవితకాలములో ఒక్కసారి మాత్రమే మార్చుకొనవచ్చును. మార్చుకొంటిరి."

"మరి నేనేం చేయాలండీ?"

"ఈ దేశము వలదని తెలియజేయుచు ఈ పత్రముపై సంతకము చేయుడు. జాబితాలో కొనసాగుదురు. తమరి వంటి మాతృభాషీయులను కోరు దేశము తటస్థించినప్పుడు కబురు చేసెదము."

"నా అంతట నేను వెళ్లొచ్చాండి?"

"జాబితాలో ఉన్నవారు మండలి ద్వారా తప్ప వెళ్లరాదు. తీర్మానము పన్నెండు."

ఆ వెనకబెంచీ పిల్లకు ఎవరైనా కబురు చేస్తారో లేదో అనుకుంది సత్యవేణి. కలం తీసుకుంది.

మంగాయమ్మ మూలకి తిరిగింది. "రాజుగారూ, పుస్తకం తెరిచేరాండి?"

"తెరిచేనండి."

"అయితే రాసుకోండి," అని, ఆవిడ కూతురి వైపు తిరిగింది. "లేవ్వే అమ్మడూ. ఆ కలం అక్కడెట్టు. పొద్దున్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు నువ్వు."

సత్యవేణి కలం అక్కడెట్టింది.

"మంగాయమ్మ గారూ," అన్నారు వైకుంఠరావు గారు, "తాము కుమార్తెతో తెలుగులో మాట్లాడుచున్నారు."

"ఆయ్. మాట్లాడుతున్నానండి."

"దీనివలన ధ్రువపత్రము రద్దగును. ఆమె పేరు జాబితా నుండి కొట్టివేయబడును. ఆపై ఆమెకును మండలికిని ఎట్టి సంబంధమూ ఉండబోదు."

"ఎట్టి సంబంధమూ ఉండదని రాసిస్తారాండి?"

"తప్పక ఇచ్చెదము."

"ఇప్పుడే ఇచ్చేయండి మరి. బస్సుకి వేళవుతోంది."

వైకుంఠరావు గారికి తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో పావుగంటలో ఉత్తర్వు తయారు చేయించారు. ఆ ఆఫీసులో అంత వేగంగా ఏ పనీ ఇంతకుముందు జరగలేదు. సూరపరాజు గారు మంగాయమ్మ మాటలు పొల్లు పోకుండా ఎక్కించి, పక్కన 'పూర్తిగా అర్థమైనది' అని రాసి సంతకం పెట్టారు. తల్లి ఏం చేసిందో సత్యవేణికి తెలిసేసరికి టైపిస్టు రెండో పేరాలో ఉన్నాడు.

బస్టాండులో నిలబడి ఆమె ఆ ఉత్తర్వును ఫోటో తీసి ఓయున్‌కు పంపింది. ఇడ్లీ తినేలోపే జవాబొచ్చింది. ఆహ్వానపత్రం రేపే పంపుతామనీ, ఇరవై ఎనిమిదిన బయల్దేరి వచ్చేయమనీ. అంటే తొమ్మిది రోజులు.

బస్సు కదిలేదాకా మంగాయమ్మ కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది. కదిలాక మొదలెట్టింది. నలభై రెండు రోజుల మాటలు. జ్వరం వచ్చిన రోజు మిరియాల కషాయం కాచి, తాగమని చెప్పే మాట రాక పారబోసిన సంగతి. నూకరత్నం కూతురికి ఆడపిల్ల పుట్టిన సంగతి. పిల్లికి విచారణ అనేసరికి తను ఎంత భయపడిందో ఆ సంగతి. అటుపైన రాబోయే రెండేళ్లవి ఎత్తుకుంది. అక్కడ చలట, తల తడుపుకుని బయటికి వెళ్లకు. ఎవరో ఏదో అన్నారని లోపల కుమిలిపోకు, నాకు ఫోన్ చెయ్యి. తిన్నాననకు, ఏం తిన్నావో చెప్పు. ఆ కడుపునొప్పి పిల్లని నేనడిగానని చెప్పు.

సత్యవేణి తల్లి భుజానికి తల ఆనించుకుని, కళ్లు తుడుచుకోవడం కూడా మానేసి, వింటూ కూర్చుంది.

"పెదకాలవండీ, పెదకాలవ. దిగాలి," కండక్టరు వచ్చి నిలబడ్డాడు. "ఏవండీ పెద్దమ్మగారూ, మీ ఊరే కదా."

మంగాయమ్మ తల తిప్పకుండానే చెయ్యి చాపింది.

"ఇంకా అవ్వలేదు బాబూ. పై ఊరికి రెండు టిక్కెట్లు కొట్టు."